చలిగాలుల వారంలో హైదరాబాద్ చూడాలంటే: ఏది ఏ పూట, ఏది వద్దు

హైదరాబాద్‌లో చలి ఎంతుందో తెలుసుకోవడానికి ఇళ్లలో పాత కొలత ఒకటుంది, కొబ్బరినూనె సీసా. నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి పొద్దున పూట గడ్డకడితే అది మామూలు శీతాకాలమే. పదకొండు గంటలకు కూడా స్పూనుతో గీరుకోవాల్సి వస్తే ఉత్తరపు గాలి గట్టిగా దిగినట్టు. ఊరు చూడటానికి వచ్చేవాళ్లు ప్లాను మార్చుకోవాల్సింది అలాంటి వారంలోనే. ఎండాకాలంలో పనికొచ్చే సలహాలు అప్పుడు తలకిందులవుతాయి. "పొద్దున్నే ఆరింటికి బయల్దేరండి, మధ్యాహ్నం గదిలో ఉండండి" అనే మాటను చలిగాలుల్లో పాటిస్తే సగం రోజు వణుకుతూ పోతుంది, మిగతా సగం మంచి ఎండను గదిలో వదిలేసుకుంటారు.

ముందు వాతావరణం సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, దక్కన్ పీఠభూమి మీద ఉంది. ఆకాశంలో మబ్బు లేకుండా పొడి గాలి వీస్తే రాత్రంతా నేలలోని వేడి పైకి పోతుంది, సూర్యోదయం వేళకు చలి పతాకస్థాయికి చేరుతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితే దాన్ని శీతల గాలులుగా వాతావరణ శాఖ లెక్కేస్తుంది. నగరంలో నమోదైన అతి తక్కువ 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. ఊరంతా ఒకే చలి ఉండదు. కాంక్రీటు, జనం, బండ్లు కిక్కిరిసిన అబిడ్స్, కోఠి వైపు కన్నా పటాన్‌చెరు, రాజేంద్రనగర్, సెంట్రల్ యూనివర్సిటీ పరిసరాల్లో తెల్లవారుజామున బాగా తక్కువ ఉంటుంది. గచ్చిబౌలి అవతల గది తీసుకుని "టీవీలో 13 అన్నారే, ఇక్కడ ఇంత చలేంటి" అనుకుంటే కారణం ఇదే.

చలిలో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేయకూడదు. మొదటిది పొడి చలి. తెల్లారి 10, 11 డిగ్రీలున్నా మధ్యాహ్నానికి 27, 28 దాకా ఎక్కుతుంది, ఆకాశం నీలంగా ఉంటుంది. రెండోది బంగాళాఖాతంలో తుపాను పట్టినప్పటి ముసురు చలి. 2018 డిసెంబర్ 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ తుపాను అలాంటిదే. అప్పుడు రాత్రి పెద్దగా చల్లబడదు, పగలు మాత్రం వేడెక్కదు, రోజంతా ఒకే తడి చలి. పొడి చలి వారం గోల్కొండకు ఏడాది మొత్తంలో అత్యుత్తమమైన కాలం. ముసురు చలి రోజున గోల్కొండ జోలికి వెళ్లొద్దు. అరిగిపోయిన రాతి మెట్లు తడిస్తే పాదం నిలవదు. ఆ రోజును సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు ఇచ్చేయండి.

గది విషయంలో చాలామంది చూసుకోనిది వేడినీళ్లు. ఇక్కడి లాడ్జీల్లో, మధ్యతరగతి హోటళ్లలో గది హీటర్ ఉండదు, ఏసీలు ఎక్కువగా చల్లబరిచే రకమే. కింద గ్రానైట్ లేదా టైల్స్, పొద్దున కాలు పెడితే జివ్వుమంటుంది. బుక్ చేసే ముందు మూడు సంగతులు అడగండి: వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, గదికి విడిగా గీజర్ ఉందా, అదనంగా రగ్గు ఇస్తారా. కొన్ని చోట్ల ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకే వదులుతారు. గీజర్ ఉంటే దాని మీద రాసిన లీటర్లు చూడండి. రెండు కిలోవాట్ల 15 లీటర్ల గీజర్ చలిరోజు నీళ్లను 16 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 23 నిమిషాలు తీసుకుంటుంది, 25 లీటర్లదైతే దాదాపు 40 నిమిషాలు. ఇద్దరు ఒకరి వెనక ఒకరు స్నానానికి వెళితే రెండోవాళ్లకు చన్నీళ్లే. మొదటివాళ్లు అయ్యాక అరగంట ఆగండి. లేదా ఒకరు రాత్రి పడుకునే ముందే స్నానం కానిచ్చేస్తే పొద్దున హడావిడి ఉండదు. ఇంకో మాట కచ్చితంగా చెప్పాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సూర్యోదయం ఈ రోజుల్లో ఆరూ నలభై దాటాకే. ఏడున్నర దాకా బయటికి రావాల్సిన అవసరం లేదు. ఆ వేళకు పొగ, మంచు, చెత్త కాల్చిన వాసన అన్నీ కలిసి నేలకు అంటుకుని ఉంటాయి. పైన వెచ్చని గాలి పొర మూతలా కూర్చుంటే కింది పొగ పైకి పోదు. ఉబ్బసం ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు తొమ్మిదయ్యాక కదిలితేనే మేలు. ట్యాంక్‌బండ్ మీద తెల్లారి వాకింగ్ అందంగానే ఉంటుంది, ఊపిరితిత్తులకు మాత్రం అది మంచి వేళ కాదు.

పాతబస్తీకి మెట్రోలో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి, చార్మినార్‌కు నేరుగా మెట్రో లేదు. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) స్టేషన్‌లో దిగాలి. ఎల్బీనగర్–మియాపూర్ రైలు, జేబీఎస్ నుంచి వచ్చే రైలు రెండూ అక్కడ కలుస్తాయి. అక్కడి నుంచి సాలార్‌జంగ్ కిలోమీటరు దూరం, చార్మినార్ ఇంకాస్త ముందుకి, ఆటోలో పది నిమిషాలు. చలికాలంలోనూ మెట్రో బోగీల్లో ఏసీ నడుస్తుంది, కాబట్టి ఎక్కగానే స్వెట్టర్ విప్పేయకండి. పొద్దున్నే ఆటోలో దూరం వెళ్లాల్సి వస్తే పక్కల నుంచి కొట్టే గాలికి చెవులు నొప్పెడతాయి, మంకీ క్యాపో మఫ్లరో ఉండాలి. ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డుకే. ఆంధ్ర నుంచి వచ్చే కుటుంబాలు టికెట్ డబ్బులు చేతిలో పెట్టుకోవాలి.

చార్మినార్ దగ్గర మొదటి పని తిండి. నహారీ, దాంతో తినే కుల్చా రొట్టె శీతాకాలపు పొద్దుటి పూటకే పుట్టిన తిండి. మేక కాళ్లు, నాలుక రాత్రంతా సన్న సెగ మీద ఉడికి, ఎముకలోని జిగురంతా రసంలోకి దిగుతుంది. పెదవులకు అంటుకునేంత చిక్కగా ఉంటే అది సరిగ్గా ఉడికినట్టు. తొమ్మిదిన్నర దాటితే గిన్నె అడుగున మిగిలింది వస్తుంది, రుచి ఉప్పగా మారుతుంది. మాంసం తిననివాళ్లకు గుల్జార్ హౌస్ చుట్టుపక్కల టిఫిన్ బండ్ల మీద వెన్న రాసిన ఇడ్లీ, దోసె దొరుకుతాయి. పెనం పక్కనే నిలబడి తింటే వెచ్చదనం కూడా దక్కుతుంది. ఇరానీ చాయ్‌కి చార్మినార్ పక్కనున్న నిమ్రా కేఫ్. చిన్న పింగాణీ కప్పు చలిలో మూడు నిమిషాల్లో చల్లారిపోతుంది కాబట్టి ఉస్మానియా బిస్కెట్ ముందే తెచ్చుకుని, చాయ్ చేతికి రాగానే ముంచుకుని తినాలి. సాసర్‌లో పోసి ఊదుకునే అలవాటు వేసవికి దాచుకోండి.

చార్మినార్ లోపలికి తొమ్మిదిన్నరకు వదులుతారు. టికెట్ 25 రూపాయలు, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు. ఫోన్‌లో కోడ్ స్కాన్ చేసి కొంటే క్యూ తప్పుతుంది. మినారు లోపలి మెట్లు మెలికలు తిరుగుతూ, ఎత్తుగా, చీకటిగా ఉంటాయి. చలికి బిగుసుకున్న మోకాళ్లతో దిగడం ఎక్కడం కన్నా కష్టం. ఉన్ని చేతితొడుగులు వేసుకుని గోడ పట్టుకుంటే జారుతాయి, ఇక్కడ ఉత్త చేతులే నయం. సందర్శకులకు మొదటి అంతస్తు వరకే. అక్కడి నుంచి నాలుగు వైపులా నాలుగు వీధులు చూస్తే 1591లో మహమ్మద్ కులీ ఈ ఊరిని ఏ లెక్కన గీయించాడో ఒక్క చూపులో అర్థమవుతుంది. పది గంటల ఎండ తూర్పు ముఖం మీద వాలుగా పడినప్పుడు సున్నపు పూతలోని పూలూ లతలూ నీడలతో లేచి కనిపిస్తాయి. నడినెత్తి ఎండలో ఆ చెక్కడం చదునైపోతుంది. ఫోటోలు తీసుకునేవాళ్లకు ఆ ఒక్క గంటే ముఖ్యం.

పక్కనే మక్కా మసీదు. చెప్పులు వదిలి రాతి నేల మీద నడవాలి, పొద్దున పూట అది మంచుగడ్డే. జేబులో ఒక జత మందపాటి సాక్సులు పెట్టుకోండి, అదే పూర్తి పరిష్కారం. శుక్రవారం నమాజు వేళ మానుకోవాలి. అసలు శుక్రవారమే పాతబస్తీకి పెట్టుకోవద్దు. సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ ఆ రోజు మూసి ఉంటాయి. మిగతా రోజుల్లో రెండూ పది గంటలకు తెరుస్తారు. చౌమహల్లాలో దర్బార్ హాలు మాత్రం తప్పకుండా చూడాలి. 19 బెల్జియం గాజు షాండ్లియర్లు వేలాడే ఆ హాలు చుట్టూ తెరిచిన కమానులు కాబట్టి లోపల బయటికన్నా చల్లగా ఉంటుంది. శాలువా తీయకండి.

సాలార్‌జంగ్ మ్యూజియానికి రెండున్నర గంటలు కేటాయించి, పన్నెండు కొట్టేసరికి సంగీత గడియారం ముందు ఉండేలా చూసుకోండి. గంట కొట్టడానికి కొన్ని నిమిషాల ముందే లోపలి నుంచి గడ్డపు బొమ్మ బయటికొచ్చి సుత్తి ఎత్తుతుంది. పన్నెండు దెబ్బలు వినడానికే జనం ముందుగా కుర్చీలు పట్టుకుంటారు, పదిహేను నిమిషాల ముందు చేరితే కూర్చునే చోటు దొరుకుతుంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా దగ్గర ఎక్కువసేపు నిలబడండి. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్న పాలరాతి విగ్రహం అది. మొహం మీది ముసుగు కూడా రాయే అని తెలిసినా కన్ను ఒప్పుకోదు. కొంచెం పక్కకు జరిగి, ముక్కు కొన దగ్గర వస్త్రం ఎలా పలచబడిందో, చెంప పక్కన మడత ఎలా చిక్కబడిందో చూడాలి. ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని వెళ్లిపోతే ఆ పనితనం దక్కదు. మందపాటి కోట్లు, పెద్ద సంచులు బయట క్లోక్‌రూమ్‌లో పెట్టేయొచ్చు, లోపల చలి తగలదు. ముసురు రోజుకు ఈ మ్యూజియం ఐదుకి ఐదు. పొడి చలి రోజున మాత్రం ఒంటిగంటకల్లా బయటపడాలి, ఎందుకంటే అసలైన ఎండ గోల్కొండ మీద ఉంటుంది.

గోల్కొండకు చలిగాలుల వారంలో సరైన వేళ మధ్యాహ్నం రెండు. ఏప్రిల్‌లో ఆ వేళకు రాయి ముట్టుకుంటే కాలుతుంది. జనవరిలో అదే రాయి పొద్దుటి నుంచి ఎండ తాగి గోరువెచ్చగా ఉంటుంది, వీపు ఆనించి కూర్చోవచ్చు. కోట ఐదున్నరకు మూస్తారు. మూడున్నర దాటాక వస్తే పైదాకా వెళ్లి, దిగేటప్పుడు రాణీమహల్ పరుగు మీద చూడాల్సి వస్తుంది. రెండింటికి లోపలుంటే మూడు గంటలు నిదానంగా సరిపోతాయి.

బాలాహిస్సార్ దర్వాజా దాటగానే కమాను కింద చప్పట్లు కొడుతుంటారు. ఆ చప్పుడు కొండ మీది దాకా వినిపించడమే ఇక్కడి వింత. కింద ఒకరు, పైన ఒకరు ఉండి ఫోన్‌లో వేళ కుదుర్చుకుంటేనే నిజంగా తెలుస్తుంది. కింద నిలబడి కొట్టి వెళ్లిపోతే ఏమీ తెలియదు. గైడును పెట్టుకుంటే డబ్బు, భాష, పైదాకా వస్తాడా లేదా అన్నది ముందే మాట్లాడుకోండి.

పైకి దాదాపు 360 మెట్లు, సమానమైన ఎత్తు లేనివి. చలికాలంలో ఇక్కడ జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. స్వెట్టర్ వేసుకునే ఎక్కుతారు. సగం దారికి చెమట పట్టి లోపలి చొక్కా తడుస్తుంది, పైన బారాదరి (కొండ కొసనున్న దర్బారు మంటపం) చేరేసరికి నలువైపులా గాలి, ఆ తడి చొక్కాకు గాలి తగిలి వీపు మంచుగడ్డ అవుతుంది.  కింద మొదటి మెట్టు దగ్గరే స్వెట్టర్ విప్పి నడుముకు కట్టుకోండి, చొక్కా మీదే ఎక్కండి, పైకి చేరగానే చెమట తుడుచుకుని వేసుకోండి. లోపల నూలు బనియన్, పైన పలచని ఉన్ని స్వెట్టర్, గాలి ఆపే జాకెట్, ఈ మూడు పొరలు ఒక లావు కోటు కన్నా మేలు. నీళ్లు మనిషికి లీటరు. పొడి గాలిలో దాహం తెలియదు, పెదవులు పగిలాక తెలుస్తుంది. వాజ్‌లైన్ డబ్బా చేతిసంచిలో ఉండాలి.

దారిలో రామదాసు బందీఖానా దగ్గర తొందరపడకండి. పాల్వంచ తహసీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని తానీషా కాలంలో కంచెర్ల గోపన్నను ఉంచిన చోటు ఇదే. ఎండలోంచి నేరుగా లోపలికి వెళితే కళ్లకు ఏమీ కనిపించదు. రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే పైనుంచి దిగే వెలుగులో గోడ మీది రాముడు, హనుమంతుడి రూపాలు ఒక్కొక్కటే తేలుతాయి. బయట ఎండ 27 డిగ్రీలున్నా లోపల రాయి వణికిస్తుంది. ఆ చలిలో నిలబడి ఆయన ఏళ్లతరబడి ఉన్నాడని తలుచుకుంటే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. తెలుగువాళ్లకు ఈ కోటలో ఇంతకు మించిన చోటు లేదు. ఇంకా పైన మహంకాళి గుడి ఉంది, ఆషాఢంలో నగరపు బోనాలు మొదలయ్యేది ఇక్కడే. దిగే దారి వేరుగా ఉంటుంది, అది రాణీమహల్ వైపు తేలుతుంది.

సౌండ్ అండ్ లైట్ షో గురించి నిజాయతీగా చెప్పాలి. ప్రదర్శన బాగుంటుంది, చలిగాలుల్లో అందరికీ కాదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మొదటి ఆట ఆరున్నరకు, రెండోది ఏడూముప్పావుకు. ఏ ఆట ఏ భాషలో అన్నది కౌంటర్ దగ్గర అడిగి టికెట్ కొనాలి. కోట మూసిన ఐదున్నరకూ, ఆట మొదలయ్యే ఆరున్నరకూ మధ్య గంటే అసలు కష్టం. సూర్యుడు దిగగానే ఆరుబయట ఉష్ణోగ్రత గబగబా పడిపోతుంది, మూడు గంటలకు వెచ్చగా ఉన్న పిల్లలు ఆరున్నరకు ఏడుపు మొదలెడతారు. ఆ గంట గేటు బయట చాయ్ దుకాణంలో గడపండి. ఆటకు కూర్చున్నాక కదలకుండా దాదాపు గంట. కిందినుంచే చలి ఎక్కుతుంది కాబట్టి మడిచిన దుప్పటి మీద కూర్చోవాలి, చెవులు, పాదాలు కప్పుకోవాలి. దోమలు చలికి తగ్గినా పూర్తిగా పోవు. చిన్నపిల్లలు, డెబ్బై దాటినవాళ్లు ఉంటే మానేయండి. మిగతావాళ్లు మొదటి ఆటకే వెళ్లండి. రెండోది ముగిసేసరికి ఆటోలు తక్కువ, మెహదీపట్నం వైపు బస్సు కోసం గాలిలో నిలబడాలి. షో లేకుండా కోట ఒక్కటే అయితే చలివారంలో ఐదుకి ఐదు, షోకు మూడున్నర.

కోటకు దగ్గరలోనే కుతుబ్‌షాహీ సమాధులు. గోల్కొండ రోజునే కలిపేయాలని చూడకండి, రెండూ సగం సగమవుతాయి. మరో రోజు పదకొండు గంటలకు వెళితే పచ్చిక మీద ఎండ పరుచుకుని ఉంటుంది, చాలా హాయిగా తిరగొచ్చు.

హుస్సేన్‌సాగర్ పడవను మధ్యాహ్నం పన్నెండు, మూడు మధ్య ఎక్కండి. సాయంత్రం నీళ్ల మీద గాలి ఒడ్డున కన్నా ఎక్కువ, స్పీడ్‌బోటైతే తుంపర మొహాన కొడుతుంది. తెల్లారి మంచులో బుద్ధుడు ఒడ్డు నుంచి మసకగా కూడా కనిపించకపోవచ్చు. ఒకే రాతిలో చెక్కిన ఆ విగ్రహం 1990లో దరి చేరేలోపే నీళ్లలో మునిగి, ఎనిమిది మంది ప్రాణాలు పోయి, రెండేళ్లకు పైగా అడుగునే ఉండి 1992 డిసెంబర్‌లో నిలబడింది. ఆ సంగతి పిల్లలకు పడవలోనే చెప్పండి.

జనవరిలో వస్తే సాయంత్రాలు నాంపల్లి నుమాయిష్‌కే. 1938లో మొదలైన ఈ ప్రదర్శన జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి దాకా 46 రోజులు జరుగుతుంది. గాంధీభవన్ మెట్రో స్టేషన్ పక్కనే. జనం మధ్య, బజ్జీల పెనాల మధ్య చలి తెలియదు. కశ్మీరీ శాలువాల దుకాణాలు ఇక్కడి ఆకర్షణ, మోసపోయేదీ అక్కడే. "పష్మీనా" అని చూపించినవన్నీ ఉన్ని కావు. అంచు నుంచి ఒక్క పోగు తీసి ఇమ్మని అడగండి, కాస్త దూరంగా వచ్చి అగ్గిపుల్లతో వెలిగించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిద పొడి అయితే ఉన్ని. కరిగి గట్టి నల్లపూసలా మిగిలితే అది ప్లాస్టిక్ దారమే. పోగు ఇవ్వనన్న దుకాణంలో పష్మీనా ధర పెట్టవద్దు. అక్రిలిక్ శాలువా కూడా చలి ఆపుతుంది, దాని ధరకు దాన్ని కొనుక్కోవచ్చు. గదిలో రగ్గు చాలనివాళ్లు మొదటి రోజే ఇక్కడికి వచ్చి శాలువా తీసుకుంటే మిగతా రోజులన్నిటికీ పనికొస్తుంది. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు తప్పించండి, ఆ రోజుల్లో గేటు దగ్గర వరుసే గంట పడుతుంది.